ఫైబర్‌గ్లాస్ లామినేషన్ పనిలోనే కొనసాగవచ్చా, వేరే దారి చూసుకోవాలా?

చింతల్_లామినేటర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామిక వాడలోని ఒక చిన్న ఫైబర్ షెడ్డులో నేను ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మోల్డు (అచ్చు) మీద గాజు పోగుల మ్యాట్ పరిచి, రెసిన్ అనే గట్టిపడే జిగురు ద్రవంతో తడిపి, పొర మీద పొర వేయడమే లామినేషన్. ఇంటర్ మధ్యలో ఆపేసి మా బావ వెంట హెల్పర్‌గా చేరాను. మొదటి ఏడాదంతా మ్యాట్ కత్తిరించడం, మోల్డుకు వ్యాక్స్ పట్టించడం, రోలర్లు కడగడంతోనే గడిచింది. ఇప్పుడు రసాయన కంపెనీలకు వెళ్లే ట్యాంకులు, డక్టులు (గాలి గొట్టాలు), ఆవిర్లను కడిగే స్క్రబ్బర్ల బాడీలు మొదటి పొర నుంచి చివరి పొర దాకా నా చేతుల మీదుగానే తయారవుతున్నాయి. ఈ పని నాకు ఇష్టం. మోల్డు నుంచి వస్తువు ఊడి వచ్చినప్పుడు దాని నునుపు మీద చెయ్యి వేసి చూడకుండా నేను ఏ రోజూ ఇంటికి వెళ్లలేదు.

అయినా ఈ మధ్య మనసు నిలకడగా ఉండటం లేదు. సాయంత్రానికి తల బరువెక్కుతోంది. నాలుగు నెలల పాపను ఎత్తుకోబోతే బట్టలకు రెసిన్ వాసన వస్తోందని నా భార్య వారిస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పరిశ్రమలను బయటికి తరలిస్తారన్న మాట ఏళ్లుగా వింటున్నాము, మా షెడ్డు ఎంతకాలం ఇక్కడ ఉంటుందో యజమానికే తెలియదు. చిన్న ట్యాంకుల ఆర్డర్లను ప్లాస్టిక్ ట్యాంకులు ఎప్పుడో పట్టుకుపోయాయి, పెద్ద వాటిని యంత్రం మీద చుడుతున్నారు. మా మామగారు కారు ఇప్పిస్తాను, క్యాబ్ నడుపుకోమంటున్నారు. ఈ పనికి ఇంకో ఇరవై ఏళ్ల భవిష్యత్తు ఉందా? ఉంటే నేను ఇంకా ఏం నేర్చుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాత_మోల్డు

తమ్ముడూ, బాలానగర్‌లో కూలర్ బాడీలు చేసే షెడ్డులో మొదలుపెట్టిన నాకు ఈ పనిలో ఇరవై రెండేళ్లు నిండాయి. ఇప్పుడు పాశమైలారం వైపు ఒక షెడ్డులో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. నీ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేను, ఎందుకంటే లామినేటర్ అన్న ఒక్క పేరు కింద మన దగ్గర రెండు పనులు నడుస్తున్నాయి. పక్కవాడు కలిపి ఇచ్చిన రెసిన్‌ను బ్రష్షుతో పూసి రోలర్ తిప్పడం ఒకటి. రెసిన్ తీరు కనిపెట్టి పనిచేయడం రెండోది. మొదటిది నెల రోజుల్లో ఎవరికైనా పట్టుబడుతుంది, అందుకే దానికి కూలీ పెరగదు. యంత్రం వస్తే ముందు పోయేది కూడా అదే.

రెసిన్ తీరు తెలియడమంటే ఏమిటో ఒక సంగతి చెబుతాను. కిందటి మే నెలలో మా దగ్గర ఒక కుర్రవాడు చలికాలపు లెక్కనే పట్టుకుని కిలో రెసిన్‌కు 20 గ్రాముల క్యాటలిస్టు (రెసిన్‌ను గట్టిపరిచే ద్రవం) పోశాడు. రేకుల కింద వేడికి, మూడో మ్యాట్ ముక్క తడిసేలోపే మగ్గులోని రెసిన్ బెల్లం పాకంలా తీగ సాగింది, మగ్గు చేత్తో పట్టుకోలేనంతగా కాలింది, ఆ వెంటనే పొగ లేచింది. అతడు బెదిరిపోయి మరునాడు క్యాటలిస్టును అర శాతానికి తగ్గించాడు. ఈసారి రెసిన్ గట్టిపడినట్టే కనిపించింది గాని, మూడు రోజుల తరువాత కూడా గోటితో గీస్తే గీత పడింది. ఆ డక్టు ముక్కను కోసి పారేయవలసి వచ్చింది. మామూలు రెసిన్‌లో క్యాటలిస్టు ఒక శాతం కంటే తగ్గితే అది పూర్తిగా ఉడకదని, ఎండాకాలంలో ముందుగా తగ్గించవలసింది గట్టిపడటాన్ని వేగిరం చేసే కోబాల్టు ద్రవాన్నని అతడికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్లలో నేనూ ఒకడిని, అందుకే ఆ నష్టానికి అతడిని ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పుడు మే నెలలో పెద్ద పొరలన్నీ ఉదయం ఆరింటికే మొదలుపెడుతున్నాము.

నువ్వు చేసేవి రసాయన ట్యాంకులు కాబట్టి నీ చేతిలో ఇప్పటికే మంచి పని ఉంది. ప్లాస్టిక్ ట్యాంకులు పట్టుకుపోయినవి నీళ్ల ట్యాంకులు, అచ్చులో ఒకే కొలతతో దిగే చిన్న ట్యాంకులు. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్లలోని మందుల కంపెనీలకు కావలసిన కొలతలో, కావలసిన చోట నాజిల్ (గొట్టం తగిలించే మూతి) పెట్టి, లోపలి ద్రవానికి తట్టుకునేలా కట్టే ట్యాంకు వేరు. దాని ఆయుష్షంతా లోపలి మొదటి పొరలోనే ఉంటుంది. రసాయనాలను తట్టుకునే వినైల్ ఎస్టర్ రెసిన్‌ను సమృద్ధిగా పట్టిన వెయిల్ (పలుచటి పొర బట్ట), దాని వెనుక చాప్డ్ మ్యాట్ (తరిగిన గాజు పోగుల మ్యాట్), ఆ తరువాతే బలానికి రోవింగ్ (మందపాటి గాజు పోగుల నేత) వేయాలి. కాస్టిక్ సోడా లేదా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం నిలిచే చోట అవి గాజునే తినేస్తాయి కాబట్టి గాజు వెయిల్ బదులు సింథటిక్ వెయిల్ వేయాలి. ఆ తేడా తెలిసి, డ్రాయింగు చూసి ప్రశ్న అడగగలిగిన లామినేటర్ కోసం నేను ఆరు నెలలుగా వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.

యంత్రం గురించి కూడా భయపడకు. ఫిలమెంట్ వైండింగ్ యంత్రం రెసిన్‌లో తడిపిన గాజు పోగులతో ట్యాంకు గొట్టం భాగాన్ని చుడుతుంది. డిష్ ఎండ్ (గిన్నెలా వంగిన చివరి భాగం), మ్యాన్‌హోల్ (మనిషి దిగే రంధ్రం), నాజిల్ జాయింట్లు, సైటులో రెండు ముక్కలను కలపడం ఇవన్నీ ఇప్పటికీ చేతిపనే. పాత ట్యాంకుల మరమ్మతు కూడా అంతే. తడి పీల్చిన పాత పొరను ఎక్కడి వరకు గ్రైండ్ చేయాలో నాణెంతో తట్టి, శబ్దం బోలుగా వచ్చే చోటును గుర్తుపట్టే మనిషికి కంపెనీలే ఫోన్ చేసి పిలిచి పని ఇస్తాయి.

నేర్చుకోవలసింది అడిగావు. నా మాట వింటే వ్యాక్యూమ్ ఇన్‌ఫ్యూజన్ నేర్చుకో. పొడి గాజు బట్టను మోల్డులో పరిచి, పైన బ్యాగు బిగించి, గాలి లాగేసి, ఆ ఒత్తిడితోనే రెసిన్‌ను లోపలికి నడిపించడం అది. మ్యాట్‌తో చేతి పొర వేస్తే బరువులో మూడో వంతు మాత్రమే గాజు ఉంటుంది, ఇన్‌ఫ్యూజన్‌లో అది 60 శాతం దాకా వస్తుంది. అందుకే గాలిమర రెక్కలు, పడవలు ఆ దారి పట్టాయి. రెసిన్ వదిలే ముందు పంపు ఆపి, గేజి ముల్లు కదలకుండా ఎంతసేపు నిలుస్తుందో చూడటమే అందులో అసలు ఓర్పు. టేపు కింద వెంట్రుకంత సందు ఉన్నా మొత్తం వస్తువు పాడవుతుంది.

పటాన్‌చెరు_సేఫ్టీ

నేను ఒక కర్మాగారంలో భద్రతా అధికారిణిని. పై సలహా బాగుంది గాని, మీ తల బరువు సంగతి అందులో వెనకబడింది. నాకు ముందుగా కనిపించింది అదే.

మీకు వచ్చే వాసన స్టైరీన్‌ది. మామూలుగా వాడే పాలిస్టర్ రెసిన్‌లో సాధారణంగా మూడో వంతుకు పైగా అదే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో స్టైరీన్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్న పదార్థాల వర్గంలోకి మార్చింది. చాలాకాలం పీల్చినవారికి వినికిడి, రంగులను పోల్చుకునే శక్తి కూడా తగ్గవచ్చు. బట్ట మాస్కు, దుమ్ము మాస్కు ఈ ఆవిరిని ఏమాత్రం ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయన ఆవిరిని పట్టే డబ్బా) ఉన్న మాస్కు కావాలి. పని అయ్యాక దానిని గాలి చొరని డబ్బాలో పెట్టాలి, వాసన లోపలికి తెలియడం మొదలైతే కార్ట్రిడ్జ్ మార్చాలి.

ట్యాంకు లోపల పొర వేసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి అడుగున పేరుకుంటుంది. పైన ఫ్యాను పెట్టి ఊదితే చాలదు, అడుగు నుంచి లాగి బయటికి పంపే గొట్టం ఉండాలి, మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి మిమ్మల్నే చూస్తూ నిలబడాలి. దాని ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస వేడి) 31 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే ఉంటుంది, అంటే మన ఎండాకాలంలో మీ షెడ్డు ప్రతిరోజూ ఆ వేడిని దాటుతుంది. లోపల గ్రైండర్ తిరుగుతుండగా రెసిన్ బకెట్ తెరవకండి. కోబాల్టును, క్యాటలిస్టును ఎప్పుడూ నేరుగా కలపకండి, అవి పేలతాయి. కోబాల్టు రెసిన్‌లో పూర్తిగా కలిశాకే క్యాటలిస్టు పోయాలి, రెండు సీసాలనూ ఒకే అరలో పెట్టకూడదు. క్యాటలిస్టు చుక్క కంట్లో పడితే ముందు పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడిగి, ఆ తరువాతే ఆసుపత్రికి బయలుదేరండి.

పాప విషయంలో మీ భార్య చెప్పింది సరైనదే. షెడ్డులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్లండి. చేతులు అసిటోన్‌తో కడుక్కోకండి, చర్మంలోని నూనె పోయి దురద ఇంకా పెరుగుతుంది. మీ జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉండి, మీ షెడ్డు ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) పరిధిలోకి వస్తే మీ వాటా జీతంలో 0.75 శాతమే. కార్డు లేకపోతే యజమానిని అడగండి, అది ఆయన దయ కాదు. ఒకసారి ఊపిరితిత్తుల పరీక్ష, వినికిడి పరీక్ష చేయించుకుని ఆ కాగితాలు దాచుకోండి.

సెట్_వర్క్

నేను సినిమా సెట్లకు, కూడళ్లలో పెట్టే విగ్రహాలకు ఫైబర్ పని చేస్తాను. మట్టి బొమ్మ మీద ముక్కలుగా మోల్డు తీయడం వస్తే ఇందులో గౌరవం ఉంటుంది, పనిలో విసుగు ఉండదు. అయితే నెలల తరబడి ఖాళీగా కూర్చోవలసి వస్తుంది, డబ్బు కూడా ఆలస్యంగా చేతికందుతుంది. థర్మాకోల్‌ను యంత్రంతో చెక్కడం వచ్చాక మాకు పై పూత మాత్రమే మిగులుతున్న పనులు పెరిగాయి. పసిపాప ఉన్న ఇంటికి నెల జీతమే నయం, మీరు ట్యాంకులు వదిలి ఇటు రావద్దని నా సలహా.

చింతల్_లామినేటర్

అన్నా, మేడమ్, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. నిజం చెప్పాలంటే మా షెడ్డులో కోబాల్టు, క్యాటలిస్టు ఇప్పటిదాకా పక్కపక్కనే ఉండేవి. ఇది చదివాక ఈ రోజే క్యాటలిస్టును వేరే గదిలోకి మార్చాను. మాస్కు రేపు కొంటాను. ఇన్‌ఫ్యూజన్ ఎక్కడ నేర్చుకోవాలి? పని మానుకుని కోర్సులో చేరేంత వెసులుబాటు నాకు లేదు.

పాత_మోల్డు

చర్లపల్లిలో సీపెట్ అనే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. వాళ్ల ప్రధాన దృష్టి ప్లాస్టిక్కుల మీద ఉంటుంది గాని, తక్కువ రోజుల కోర్సులు ఏమున్నాయో ఒకసారి నేరుగా వెళ్లి అడుగు. అంతకంటే ముందు ఇంకో పని చెయ్యి. పాత ఫ్రిజ్ కంప్రెసర్ ఒకటి వ్యాక్యూమ్ పంపుగా పనికొస్తుంది. అద్దం పలక మీద అడుగు వెడల్పు గాజు బట్ట పరిచి, బ్యాగు బిగించి చూడు. మొదటి మూడు సార్లు గాలి లీకవుతుంది, నాకు అయిదు సార్లు అయ్యింది. నాలుగో పలక తీసుకుని ఒక ఆదివారం పాశమైలారం రా. కోసి చూద్దాం, ఎక్కడ పొడిగా మిగిలిందో నేను చూపిస్తాను. వచ్చేటప్పుడు మాస్కు పెట్టుకునే రా.