పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పీజీలో బ్లాక్ ఆఫీసు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చెయ్యాలా?

మహేంద్రతనయ:
అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక యూనివర్సిటీ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పీజీ విభాగం (అక్కడ ఎంపీఏ అంటారు) వాళ్ళ వార్తలు చదివాను. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు సాయంత్రం క్లాసులకి వస్తారు, ఆఫీసు మొహం చూడని పిల్లలకైతే ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, ఆఖర్న ఏదో ఒక మునిసిపాలిటీకో కౌంటీ ఆఫీసుకో నిజంగా ఉన్న సమస్య మీద రిపోర్టు రాసివ్వాలి. సిరక్యూజ్‌లో మాక్స్‌వెల్ స్కూల్ 1924లో పెట్టారు, అంటే వందేళ్ళు దాటిపోయింది అక్కడ ఈ చదువు మొదలై. మన దగ్గర రెండేళ్ళ ఎంఏలో ఏం చేస్తున్నారు? 1887 నాటి ఉడ్రో విల్సన్ వ్యాసం, వెబర్, టేలర్, ఫయోల్, రిగ్స్ లాంటివాళ్ళ పరిపాలన సిద్ధాంతాలు, తర్వాత ఇండియన్ అడ్మినిస్ట్రేషన్, పరీక్ష, అయిపోయింది. పంచాయతీరాజ్ మీద పది పేజీల జవాబు రాసిన కుర్రాడు జీవితంలో ఒక్క పల్లీ సభలో (ఊరివాళ్ళంతా కూర్చునే సభ) కూర్చోడు. నేను డిగ్రీ పిల్లలకి పాఠం చెప్తాను, అందుకే ఈ బాధ. ఒడిశా సరిహద్దు జిల్లాలైన గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్‌లోని మన తెలుగు పిల్లలు పీజీకి ఎక్కడ చేరినా ఒక సెమిస్టర్ మన జిల్లాల్లోనే బ్లాక్ ఆఫీసులోనో (అభివృద్ధి పథకాలు చూసేది) తహసీల్ ఆఫీసులోనో (భూమి రికార్డులు చూసేది) పనిచేసి తీరాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాత హెడ్‌క్లర్క్ బరంపురం:
చెయ్యాలి. కాని బ్లాక్ కాదు, తహసీల్. నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చెప్తున్నాను. బ్లాక్‌లో కూర్చుంటే ఉపాధి హామీ మస్టర్ రోళ్ళు, ఇళ్ళ లిస్టులు చూస్తారు, అవి ప్రతి ప్రభుత్వానికీ మారిపోతాయి. తహసీల్‌లో మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్చే) కేసు మొదటి కాగితం నుంచి ఆఖరి సంతకం దాకా చూసినవాడికి పరిపాలన అంటే ఏంటో తెలుస్తుంది, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు ఎలా రాస్తాడు, అభ్యంతరాలకి నోటీసు ఎప్పుడిస్తారు, ఎక్కడ ఫైలు ఆగిపోతుంది, అన్నీ.

సెమిలిగుడ సత్తి:
పిల్లల్తో టీలు తెప్పించుకుంటారు, జిరాక్సులు తీయిస్తారు. అంతకన్నా ఏం జరగదు.

వంశధార గుణుపురం:
ముందు ఉద్యోగం సంగతి చెప్పండి మాస్టారూ. ఓపీఎస్‌సీకి (ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్) ఏ డిగ్రీ అయినా చాలు, యూపీఎస్‌సీకీ అంతే. బీఎస్సీ వాడూ బీటెక్ వాడూ రాసి బీడీఓ (బ్లాక్ ఆఫీసరు) అయిపోతంటే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివినోడికి ఒక్క మార్కు ఎక్కువ లేదు. ఎంబీబీఎస్ చదవకుండా డాక్టరు అవడు గాని ఈ చదువు చదవకుండా కలెక్టరు అయిపోతాడు. అలాంటప్పుడు ఇంకో ఆర్నెల్లు ఆ ఆఫీసుల చుట్టూ తిప్పడమేటండి, మనం పని పడి తిరిగింది చాల్లేదా? మా ఇంట్లో ఒక్క సర్టిఫికెట్ కోసం ఎన్నిమార్లు తిరిగామో నాకు తెలుసు. సర్వర్ లేదు, సారు లేరు, రేపు రండి. ఆ ఆఫీసులో కూచుని మా పిల్ల ఏం నేర్చుకోవాలి, రేపు రండి అనడమా?

కోరాపుట్ కొండగాలి:
వంశధార అప్పా, యూపీఎస్‌సీలో 1987 నుంచి పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆప్షనల్‌గా ఉంది, రెండు పేపర్లు ఒక్కోటి 250 మార్కులు, నేనదే తీసుకుని చదువుతున్నా. మొదటి పేపర్ థియరీ బట్టీ పట్టెయ్యొచ్చు, రెండో పేపర్ దగ్గర దొరికిపోతాం, ఎందుకంటే అందరం ఒకే కోచింగ్ నోట్సు రాస్తాం. మా పక్కనే కొటియా ఉంది. పొట్టంగి బ్లాక్‌లో 21 ఊళ్ళు, ఒడిశా మావే అంటుంది ఆంధ్ర మావే అంటుంది, 1968లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు 2006లో కొట్టేశారు, యథాతథ స్థితి మాత్రం అలాగే ఉంది, 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే కోర్టు ధిక్కారం అంటూ ఒడిశా కేసు వేసింది. ఆ ఊళ్ళలో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్న ఇళ్ళున్నాయి. రిగ్స్ థాయిలాండూ ఫిలిప్పీన్సూ చూసి రూలు ఒకటి నడవడిక ఒకటి ఉండటాన్ని ఫార్మలిజం అన్నాడే, మనం అంత దూరం పోనక్కర్లేదు, సాలూరు బస్సెక్కితే చాలు. ఇలాంటి చోట ఆర్నెల్లు ఉన్న పీజీ స్టూడెంట్ రాసే థీసిస్ ఎలా ఉంటుందో ఆలోచించండి.

పాత హెడ్‌క్లర్క్ బరంపురం:
కొటియాలో కూడా సమస్య భూమి రికార్డుదే. అందుకే తహసీల్ అన్నాను.

మహేంద్రతనయ:
గురువుగారూ తహసీల్ ముఖ్యమే, కాదనను, కాని పల్లీ సభ విషయం మర్చిపోవద్దు. 2013లో నియమగిరి కొండల మీద సుప్రీంకోర్టు తీర్పిచ్చాక రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లీ సభలు జరిగాయి, పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. అంత పెద్ద నిర్ణయం చేసింది ఊరి సభ. దాని నోటీసు ఎవరు వేస్తారు, తీర్మానం ఎలా రాస్తారు, కోరం ఎలా లెక్కపెడతారు, ఇవన్నీ పంచాయతీ, బ్లాక్ వైపు పనులు. రాయగడ, కోరాపుట్ రెండూ మొత్తం రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కింద ఉన్న గిరిజన జిల్లాలు, ఊరి సభకి అధికారాలిచ్చిన 1996 పెసా చట్టం ఉన్న చోటు, మన పిల్లలకి ఇంతకంటే మంచి క్లాస్‌రూమ్ ఎక్కడ దొరుకుతుంది?

పాత హెడ్‌క్లర్క్ బరంపురం:
పన్నెండు ఊళ్ళ సభ రోజూ జరగదు. మ్యుటేషన్ రోజూ జరుగుతుంది.

జయపురం బావ:
ఈయన తహసీల్ వదలరు, ఆయన పల్లీ సభ వదలరు. అప్ప అడిగిన ఉద్యోగం ప్రశ్నకి జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

వంశధార గుణుపురం:
చెప్పరు, ఎందుకంటే జవాబు లేదు.

పాత హెడ్‌క్లర్క్ బరంపురం:
జవాబు ఉందమ్మా, మీకు నచ్చదని ఊరుకున్నాను. డిగ్రీ ఏదైనా చాలన్నారు, నిజమే. ఒడియా రాకపోతే మాత్రం కుదరదు. ఓపీఎస్‌సీకి కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి, మెయిన్స్‌లో ఒడియా పేపరు క్వాలిఫై అవ్వాలి. 1954 అధికార భాషా చట్టం ఉంది, ఫైలు ఒడియాలో నడుస్తుంది. ఆ పరీక్ష పాసవ్వని వాళ్ళు ఆఫీసులో ఇంటర్న్‌గా కూర్చుని ఏ ఫైలు చదువుతారు? అందుకని నా షరతు, ఒడియా పరీక్ష పాసైన వాళ్ళకే ఈ ఇంటర్న్‌షిప్ ఇవ్వాలి. మేము నేర్చుకున్నాం, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, మాకేం తక్కువ కాలేదు.

వంశధార గుణుపురం:
ఇప్పుడు బయటపడ్డారు. ఇంటర్న్‌షిప్ ఇంటర్న్‌షిప్ అని రెండ్రోజుల్నించి మాట్లాడతంటే నేను అదే అనుకుంటన్నాను, దీంట్లో మా పిల్లల్ని ఎక్కడ ఆపుతారా అని. మా అమ్మాయి ఏడో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ బడిలో ఒడియా చెప్పడానికి మాస్టారు లేరు, పోస్టు ఖాళీ, ఎవరూ వేయలేదు. తప్పు పిల్లదా? మీ కాలంలో మీకు చెప్పినోళ్ళున్నారు, నేర్చుకున్నారు, సంతోషం. మా పిల్లకి చెప్పినోళ్ళు లేరు. పరీక్ష పాసయితేనే లోపలికి రా అంటారు మీరు. 1956లో కేంద్రం భాషా మైనారిటీల కోసం మెమొరాండం ఇచ్చింది, 1961లో ముఖ్యమంత్రులంతా కూచుని ఒప్పుకున్నారు, రాష్ట్రభాష పరీక్ష ఉద్యోగంలో చేరాక ప్రొబేషన్ అయ్యేలోపు పెట్టొచ్చు గాని ముందే అడ్డు పెట్టకూడదని. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివినోళ్ళు ఇంతమంది ఉన్నారే, ఈ ముక్క ఒక్కరూ ఎత్తలేదేం?

పాత హెడ్‌క్లర్క్ బరంపురం:
మెమొరాండం చట్టం కాదమ్మా. భాష రాని గుమస్తా ప్రొబేషన్ అయ్యేదాకా ఫైళ్ళు పట్టుకుని కూర్చుంటే నష్టపోయేది ఎవరు, అర్జీ పెట్టుకున్న ఆ రైతే. సవర తెగ ఆయన వస్తాడు, ఆయనకి ఒడియా కూడా సరిగ్గా రాదు, అక్కడ మీ అమ్మాయి తెలుగు ఏం పనికొస్తుంది?

వంశధార గుణుపురం:
మా పిల్ల పేరు ఎత్తకండి.

సెమిలిగుడ సత్తి:
బాబాయ్ గారూ తగ్గండి కొంచెం.

మహేంద్రతనయ:
తెలుగు ఏం పనికొస్తుందని అడిగారు కదా, నా సంగతి చెప్తాను. మా తాతగారి భూమి దస్తావేజు తెలుగులో ఉంది, ఎందుకంటే 1936 ఏప్రిల్ 1 దాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ. నాన్నగారు పోయాక మ్యుటేషన్‌కి పెడితే ఒక ఆఫీసులో ఆ కాగితం చూసి ఇది చదివేవాళ్ళు లేరు, ఒడియా అనువాదం నోటరీ చేయించి తెమ్మన్నారు, తెస్తే సర్వే నంబరు కలవట్లేదన్నారు. కలవకపోవడానికి కారణం ఆ పాత దస్తావేజులోనే రాసి ఉంది, హద్దులు తెలుగులో స్పష్టంగా ఉన్నాయి, కాని అక్కడ కూర్చున్న ఏడుగురిలో ఒక్కరూ దాన్ని చదవలేరు. నా చేతిలో కాగితం, ఆయన ముందు కంప్యూటర్, మధ్యలో ఏమీ లేదు. ఒక కుర్రాడు తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాడు ఆ గదిలో ఆర్నెల్లు కూర్చుంటే మా ఒక్క కేసే కాదు, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ దాకా ఎన్ని పాత దస్తావేజులు తేలేవి! గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్తూ సవరల దగ్గరికి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకున్నారు, ఏ పరీక్షా పాసై వెళ్ళలేదు. అక్కడికి వెళ్ళి నేర్చుకున్నారు. నేను ఇంటర్న్‌షిప్ అడుగుతున్నది అందుకే, పరీక్ష పెట్టి పంపించడానికి కాదు, పంపించి నేర్పించడానికి.

పాత హెడ్‌క్లర్క్ బరంపురం:
గిడుగు వారు మహానుభావులు, మనం గుమస్తాల గురించి మాట్లాడుతున్నాం.

కోరాపుట్ కొండగాలి:
అప్పా ఒకటి అడుగుతా కోపం తెచ్చుకోకు. అమ్మాయిని ఎక్కడ చేర్పిస్తున్నావు?

వంశధార గుణుపురం:
విశాఖపట్నం అనుకుంటన్నాం.

పాత హెడ్‌క్లర్క్ బరంపురం:
అదిగో. రాజ్యాంగంలో 371డి అధికరణ తెలుసా అమ్మా మీకు? ఆంధ్రలో సీట్లు 85 శాతం లోకల్ వాళ్ళకి. మిగతా 15 శాతానికి కూడా షరతులున్నాయి, తల్లో తండ్రో ఆ రాష్ట్రంలో పదేళ్ళు ఉండుండాలి, ఇంకా ఇలాంటివి. సీటు వచ్చిందే అనుకోండి, రేపు ఉద్యోగం దగ్గర మళ్ళీ నాన్‌లోకల్. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, బాగా చదివే ప్రతి తెలుగు పిల్లనీ పిల్లాణ్ణీ తీసుకెళ్ళి ఇచ్ఛాపురం దాటించేస్తున్నారు. బడిలో పిల్లలు తగ్గిపోతారు, పిల్లలు లేరని పోస్టు వెయ్యరు, పోస్టు లేదని మిగిలినవాళ్ళు వెళ్ళిపోతారు. కలెక్టరేట్‌లో మా సెక్షన్లో ఒకప్పుడు తెలుగువాళ్ళం ఆరుగురం ఉండేవాళ్ళం. నేను రిటైరయిన రోజున ఒక్కణ్ణి. తెలుగు అర్జీ వస్తే నా టేబుల్ మీదకి తోసేవారు, ఇప్పుడు ఎవరి టేబుల్ మీదకి తోస్తారో నాకు తెలీదు. నా కోపం మీ అమ్మాయి మీద కాదు. మీరంతా వెళ్ళిపోతున్నారు, అదీ నా కోపం.

జయపురం బావ:
ఇన్నాళ్ళకి అసలు మాట వచ్చింది.

వంశధార గుణుపురం:
ఉండమంటారు బావుంది. ఉండి ఏం చేయాలో చెప్పండి. మా ఆయన ఇక్కడే పుట్టాడు, ఆయన తండ్రి ఇక్కడే పుట్టాడు, ఇక్కడ ఆఫీసుకెళ్తే తెలుగోళ్ళు, అక్కడ విశాఖపట్నం పోతే ఒడిశా వోళ్ళు. మీరు ఒడియా నేర్చుకుని నిలదొక్కుకున్నారు, మీ పిల్లలెక్కడున్నారు బాబాయ్ గారూ?

పాత హెడ్‌క్లర్క్ బరంపురం:
పెద్దవాడు హైదరాబాద్. చిన్నది బెంగళూరు. వాళ్ళు సాఫ్ట్‌వేర్, అది వేరు.

వంశధార గుణుపురం:
ఏం వేరు కాదు.

సెమిలిగుడ సత్తి:
2019 అక్టోబర్ 2న అటు ఆంధ్రలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి, అదే రోజు ఇటు ఒడిశాలో మో సర్కార్ అనే కార్యక్రమం మొదలైంది. అటు ఊరిలోనే ఆఫీసు పెట్టారు, ఇటు ఆఫీసుకెళ్ళినోడికి ఫోన్ చేసి ఎలా చూశారని అడిగారు. రెండూ చూసినోళ్ళం మనమే. ఏది ఎంత పనిచేసిందో బోర్డర్‌లో ఉన్న స్టూడెంట్ కన్నా బాగా ఎవరు రాస్తారు? మొదట టీలు జిరాక్సులు అన్నాను గాని ఈ టాపిక్ ఇస్తే నేనే చేస్తా.

మహేంద్రతనయ:
సరే, నేను ఒక అర్జీ రాస్తున్నాను, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పీజీ ఉన్న విభాగాలకి, కాపీ జిల్లా కలెక్టర్లకి. మూడు విషయాలు పెడుతున్నాను. సరిహద్దు జిల్లాల విద్యార్థికి ఒక సెమిస్టర్ స్థానిక ఆఫీసులో. ఆ సెమిస్టర్‌లోనే ఒడియా రానివాళ్ళకి ఒడియా, తెలుగు రానివాళ్ళకి తెలుగు నేర్పే ఏర్పాటు, పరీక్ష ఆఖర్న. ఆంధ్ర యూనివర్సిటీల్లో చదివే మన పిల్లలకి కూడా ఇక్కడే చేసుకునే అవకాశం. ఎవరు సంతకం పెడతారు?

కోరాపుట్ కొండగాలి:
నేను పెడతా. కొటియా అని కూడా రాయండి మాస్టారూ, లేకపోతే అందరినీ బరంపురంలోనే వేస్తారు.

వంశధార గుణుపురం:
పరీక్ష ఆఖర్న అన్న మాట మార్చకుండా ఉంటే పెడతాను. అమ్మాయిని విశాఖపట్నం పంపడం మాత్రం మానను, మూడో విషయం ఉంది కాబట్టి సెమిస్టర్‌కి గుణుపురం వస్తుంది. మా ఇంట్లో ఉండి ఆ ఆఫీసుకే వెళ్తుంది, సర్టిఫికెట్ కోసం మమ్మల్ని తిప్పినారే, ఆ ఆఫీసుకే.

పాత హెడ్‌క్లర్క్ బరంపురం:
మొదటిదానికీ మూడోదానికీ నా సంతకం ఉంది. రెండోదానికి పెట్టను. ఆఖర్న పరీక్ష అంటే ఎవరూ చదవరు, నాకు తెలుసు, డిపార్ట్‌మెంట్ పరీక్షలు అలాగే వాయిదాలు పడేవి. మొదటి రెండు నెలల్లో పెట్టండి. కావాలంటే ఆ రెండు నెలలూ బరంపురం వచ్చిన పిల్లలకి ఒడియా నేను చెప్తాను, డబ్బులొద్దు. మీ అమ్మాయికి కూడా. ఇంకొకటి, అర్జీలో స్థానిక ఆఫీసు అని వదిలెయ్యకండి, తహసీల్ అని రాయండి.

వంశధార గుణుపురం:
రెండు నెలలు చాలవు. మూడు.