దోమతెర నిలబడట్లేదు, తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్

చింతచిగురు (రాత్రి 11:40)
పొద్దున ఏడింటి నుంచి ఇదే పని. ఆరిళ్లు తిరిగాం, ఒక్క ఇంట్లోనూ దోమతెర సరిగ్గా నిలబడలేదు. ఒక పక్క కడితే ఇంకో పక్క జారిపోతోంది. మేకు కొడితే గోడ పెళ్లలు పెళ్లలుగా ఊడి వస్తోంది. పోయిన వారం కట్టినవాటిలో మూడిళ్లవాళ్లు విప్పేసి మడిచి పెట్టేశారు, మొహం మంట, కళ్లు మంట అంటున్నారు. మాకు ట్రైనింగులో ఇచ్చిన బొమ్మలో ఒక మంచం, నాలుగు మూలలా నాలుగు మేకులు, అంతే. వాలంటీరుగా వచ్చి రెండు వారాలైంది, ఇంకా నాలుగు వారాలే ఉన్నాను. నూట ఇరవై తెరలు సంచుల్లో అలాగే పడున్నాయి. ఏడుపొక్కటే తక్కువ.

ఓల్డ్ అల్వాల్ (11:46)
ఏ దేశం? ఇల్లు ఎట్లుంది?

అమలాపురం అబ్బాయి (11:52)
గోడకి డ్రిల్లింగ్ చేసి, ప్లగ్గు పెట్టి, స్క్రూ హుక్కు బిగించు తమ్ముడూ. మా ఇంట్లో నాలుగేళ్లుగా కదల్లేదు. లేదంటే గొడుగులా విచ్చుకునే రకం దొరుకుతాయి, వాటికి అసలు మేకులే అక్కర్లేదు.

ఓల్డ్ అల్వాల్ (11:53)
మట్టి గోడకు డ్రిల్లింగా. మంచిగుంది.

విశ్రాంత కాంపౌండర్ (ఉదయం 5:10)
విదేశాలకు వెళ్లే యువతకు ఒక మాట. వెళ్లేది ఆఫ్రికా అయితే గనుక ముందుగా ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎంలో వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే, టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు చెల్లుతుంది, ఆ పైన జీవితాంతం చెల్లుతుంది. కార్డు లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. ఎల్లో ఫీవర్ తెచ్చేదీ దోమే గానీ మలేరియా దోమ కాదు, పగలు కుట్టే ఏడిస్ దోమ. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. నా ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో...

చింతచిగురు (8:15)
అంకుల్, నేను ఆల్రెడీ ఇక్కడే ఉన్నానండీ. కార్డు ఉంది, నారాయణగూడలోనే వేయించుకున్నా. తెర సంగతి చెప్పండి ఎవరైనా. ఇంకో మాట, నేను తమ్ముణ్ణి కాదు, ఆడపిల్లని.

అమలాపురం అబ్బాయి (8:20)
సారీ చెల్లెమ్మా.

ఓల్డ్ అల్వాల్ (8:31)
మల్ల అడుగుతున్న. ఏ దేశం? ఇల్లు ఎట్లుంది?

చింతచిగురు (8:50)
ఉగాండా. ఉత్తరాన, లీరా దాటాక ఆపాచ్ వైపు. చెప్పలేదా? ఇళ్లు గుండ్రంగా ఉంటాయి, మట్టి గోడ, పైన గడ్డి కప్పు. మంచాలు లేవు, చాప మీద పడుకుంటారు. పొద్దున్నే చాప చుట్టి పక్కన పెట్టేస్తారు.

ఓల్డ్ అల్వాల్ (8:51)
గుండ్రటి ఇంట్ల నాలుగు మూలలు ఏడికెళ్లి వస్తయమ్మా. ఇది మొదట్ల చెప్పాలె.

అక్షర పిపాసి (9:05)
మిత్రులు గమనించగలరు. తెర అంటే అడ్డంగా వేలాడే గుడ్డ, నాటకాల్లో ఉండేది. నాలుగు పక్కలా కమ్ముకునేది తెర ఎలా అవుతుంది? దోమవల అనడమే సబబు.

నిలదీసే నాగన్న (9:12)
వల అంటే పట్టేది. మనం దోమని పట్టట్లేదు, ఆపుతున్నాం. మా అమ్మమ్మ దోమతెర అనే అనేది, ఆమె కంటే తెలుగు నీకెక్కువ వచ్చా?
సరే, అసలు విషయానికొస్తా. ఒక దోమతెర రెండు డాలర్ల చిల్లర. ఇక్కణ్ణుంచి అక్కడికి విమానం టికెట్టు, వీసా, ఆ సంస్థకి కట్టిన ఫీజు కలిపితే ఎన్ని వందల తెరలు వచ్చేవో లెక్క వేసుకో అమ్మా. ఆ ఊళ్లో వాళ్లకి మేకు కొట్టడం రాదా? మన పిల్లలు ఫోటోలు దిగడానికి పోవడం తప్ప.

చింతచిగురు (9:40)
ఆ లెక్క వచ్చిన మూడో రోజే వేసుకున్నా అన్నా. టికెట్టు డబ్బు వెనక్కి రాదు కదా. ఇప్పుడు ఉన్న నాలుగు వారాలు ఏం చేయాలో అది చెప్పు.

కంపాలా బాబాయ్ (10:25)
అమ్మాయ్, నేను కంపాలాలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నా. నువ్వు చెప్పే వైపు మూడు నాలుగు సార్లు వచ్చాను. ఆపాచ్ అంటే ఆషామాషీ ఊరు కాదు. మలేరియా పురుగున్న దోమ కాట్లు ఒక్కో మనిషికి ఏడాదికి 1500 పైచిలుకని ఒకప్పుడు లెక్క తేలిన చోటు అది, ప్రపంచంలోనే ఎక్కువల్లో ఒకటి. క్వానియా సరస్సు, చిత్తడి నేలలు, ఇంకేం కావాలి దోమకి.
నువ్వు ఎవరితో తిరుగుతున్నావ్? ప్రతి ఊళ్లో వీహెచ్‌టీ అని ఉంటారు, మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్లు. వాళ్లు లేకుండా, ఎల్‌సీ వన్ ఛైర్మన్‌తో, అంటే మన సర్పంచ్ లాంటి ఊరిపెద్దతో, ఒక మాట చెప్పకుండా ఇళ్లలోకి వెళ్లి కట్టడం మొదలుపెడితే, నువ్వు గడప దాటగానే విప్పేస్తారు. మంట సంగతి తర్వాత.
ఇంకోటి. అటువైపు ఇళ్లలో గోడలకి దోమల మందు కొట్టేవాళ్లు, జనానికి దాని మీద గురి ఎక్కువ. 2014లో అది ఆపేశారు, 2015లో జ్వరాలు విరుచుకుపడ్డాయి. కాబట్టి నువ్వు తెర తీసుకెళ్తే, ఆ మందు మళ్లీ ఎప్పుడు కొడతారు అని అడుగుతారు. కోప్పడకు.

చింతచిగురు (10:41)
అదే అడిగారు బాబాయ్ గారూ! నాకు అర్థం కాలేదు. ఒక ముసలామె గోడ చూపించి చేత్తో చిమ్మినట్టు చూపించింది. సున్నం వేయమంటోందేమో అనుకున్నా 😭

సికింద్రాబాద్ సుబ్బు (11:00)
మలేరియా దోమతో వస్తుందని కనిపెట్టింది మన బేగంపేటలోనే అని ఎంతమందికి తెలుసు? 1897 ఆగస్టు 20. రొనాల్డ్ రాస్. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించుకోమని, కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా ఇచ్చాడు. నోబెల్ రాస్‌కి, అణాలు హుస్సేన్ ఖాన్‌కి.

అక్షర పిపాసి (11:09)
చిన్న సవరణ. సికింద్రాబాదులో ఆయన చూసింది దోమ కడుపు గోడ మీద మలేరియా పురుగుని. దోమ కుట్టి ఒకరి నుంచి ఒకరికి అంటిస్తుందని నిరూపించింది మరుసటి ఏడు కలకత్తాలో, అదీ పిట్టల మీద. పోతే మలేరియా అన్న మాట ఇటాలియన్, చెడు గాలి అని అర్థం. మనకి చలిజ్వరం, మన్యపు జ్వరం అని చక్కటి మాటలుండగా...

కొండదారి (మధ్యాహ్నం 1:30)
ఏటమ్మా, ఇంతమంది ఇన్ని చెప్పారు, ఒక్కరూ తెర కట్టడం చెప్పలేదు. నాను పాడేరు ఏజెన్సీలో మలేరియా డ్యూటీ చేసినోణ్ణి. మా కొండల మీద గూడేలకి తెరలు మోసుకెళ్లి పంచేవోళ్లం. నీ బాధ నాకు తెలుసు. ముందు రెండు ప్రశ్నలు. ఆ తెరలు సంచీలోంచి తీసి నేరుగా కట్టేశారా, ఆరబెట్టారా? ఆ గుడిసెలోనే పొయ్యి ఉందా?

చింతచిగురు (1:48)
కవర్ చింపి నేరుగా కట్టేశాం అన్నయ్యా. మంట అన్నారని ఒకావిడ బట్టల సబ్బుతో ఉతికి ఎండలో ఆరేసింది కూడా. తెరకి పట్టించిన దోమల మందంతా పోయినట్టేనా? పొయ్యి వేరే గుడిసెలో. కానీ ఆ వంట గుడిసెలో కూడా పెద్ద పిల్లలు పడుకుంటారు, పది పన్నెండేళ్లవాళ్లు.

కొండదారి (2:20)
అదీ సంగతి. కొత్త తెరకి మందు పైన పైన ఎక్కువుంటాది. కవర్లోంచి తీసి ఒక పగలు, ఒక రేత్రి నీడలో, గాలి తగిలే చోట పరిచి ఆరనివ్వాల. అప్పుడు కడితే మంట ఉండదు. ఇప్పుడు మంట అన్నోళ్లకి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోద్ది, భయం లేదని చెప్పు.
ఒకసారి ఉతికినంత మాత్రాన ఆవిడ తెరలో మందు పోదు. ఇరవై ఉతుకులు తట్టుకునేలా చేస్తారు వాటిని, మందు దారంలోంచి మళ్లీ పైకి వస్తాది. కానీ ఎండలో వేస్తే మాత్రం మందు తగ్గిపోద్ది, ఇకమీద వద్దని చెప్పు. నీడ, నీడ, నీడ. బ్లీచింగు తగలకూడదు.
ఇప్పుడు కట్టడం. గోడ జోలికే పోకు. రెండు కర్రలు తీసుకో, ఒక్కోటి నాలుగడుగులు. అడ్డంగా నిలువుగా పెట్టి మధ్యలో బిగించి కట్టు, కూడిక గుర్తులా. తెర పైన నాలుగు మూలలకి ఉచ్చులుంటాయి కదా, వాటిని ఆ నాలుగు కొసలకి కట్టు. పైకప్పు గుడ్డ మధ్యలో కాస్త జారుతాది, జారనీ. కింద అంచు గొడుగులా విచ్చుకుంటాది. కర్రలు కలిసిన చోట ఒక తాడు కట్టి, గడ్డి కింద వాసాలుంటాయి చూడు, ఆ వాసం మీంచి వేసి ఈ పక్కకి లాగు. పొద్దున బావిలో చేద లాగినట్టు పైకి లాగేసి తాడు ముడెయ్యి. చాప చుట్టేసినా అడ్డం ఉండదు. రేత్రి దింపి, అంచు మూర పొడుగున చాప కిందకి దోపాల. నేల మీద పడుకునేవోళ్లకి ఈ దోపడమే అసలు పని. అంచు లేచిందా, దోమ లోపలికెళ్లి కూచుంటాది.
వంట గుడిసెలో పిల్లలకి కూడా ఇలాగే, కానీ పొయ్యి పూర్తిగా ఆరాకే దించమను. నిప్పురవ్వ పడితే నిలువునా అంటుకుంటాది.

కంపాలా బాబాయ్ (2:41)
కొండదారి గారూ, దండం. అమ్మాయ్, ఆ పెద్ద పిల్లల్ని వదలకు. తెరలు తక్కువైతే ముందు చంటిపిల్లలకి, గర్భిణులకి వెళ్తాయి, అది న్యాయమే, ప్రాణాలు పోయేది ఎక్కువగా ఐదేళ్ల లోపు పిల్లలవే. కానీ పది పన్నెండేళ్లవాళ్లు ఒంట్లో పురుగు పెట్టుకుని జ్వరం లేకుండా తిరుగుతుంటారు, దోమలకి అక్కణ్ణుంచే అందుతుంది.

నిలదీసే నాగన్న (3:05)
ఇంతకీ ఇచ్చిన తెరలు చేపలు పట్టడానికి వాడరని గ్యారంటీ ఏంటి? సరస్సు పక్కనే అన్నారుగా.

కొండదారి (3:12)
వాడతారు. మా దగ్గర కోళ్ల గూటికి కప్పినోళ్లున్నారు. చిరిగిన పాతది కప్పుకుంటే కప్పుకోనీ. ఆకలేసినోడికి చేప కనపడతాది గానీ దోమ కనపడదు బాబూ.

అక్షర పిపాసి (3:30)
చేపలు పడితే మాత్రం దాన్ని వల అనక తప్పదు కదా 🙂

చింతచిగురు (సాయంత్రం 7:15)
ఒక ఇంట్లో కట్టాం!! ముసలామె మనవడు కర్రలు కొట్టుకొచ్చాడు, వీహెచ్‌టీ ఆయన తాడు వేశాడు. నేను చేసిందల్లా పక్కన నిలబడి సంజ్ఞలు చేయడం. వాడు పది సార్లు పైకీ కిందకీ లాగి ఆడుకున్నాడు. మిగతావి నీడలో పరిచాం, చెట్ల కింద ఎక్కడ చూసినా నీలం రంగే. రేపు పొద్దున లేచి మొదలుపెడదాం అనుకున్నా గానీ నాకే నిన్నట్నుంచి ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, ఎండకేమో.

విశ్రాంత కాంపౌండర్ (7:19)
అమ్మా, నివారణకి మాత్రలేమైనా వేసుకుంటున్నావా?

చింతచిగురు (7:24)
డాక్సీ అంకుల్. రోజూ వేసుకుంటున్నా. మధ్యలో రెండు మూడు రోజులు మర్చిపోయా.

విశ్రాంత కాంపౌండర్ (7:26)
ఎండా కాదు, గిండా కాదు. వెంటనే రక్త పరీక్ష చేయించుకో. వేలు పొడిచి చూసేది, ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా రకం, చిన్నప్పటి నుంచి అక్కడే పెరిగినవాళ్లకి ఉండే కాస్త నిరోధం కూడా నీకు లేదు. ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. పారాసిటమాల్ వేసుకుని పడుకోవద్దు.

కంపాలా బాబాయ్ (7:31)
దగ్గర్లో హెల్త్ సెంటర్ త్రీ, మన పీహెచ్‌సీ లాంటిది, ఎక్కడో వీహెచ్‌టీ ఆయన్ని అడుగు, అక్కడ ల్యాబు ఉంటుంది. రేపు కాదు, ఇవాళే. చీకట్లో బోడాబోడా (బైక్ ట్యాక్సీ) వెనక ఒక్కదానివే ఎక్కకు, ఎవరినైనా తోడు తీసుకెళ్లు. చేరాక ఇక్కడ ఒక ముక్క రాయి.

ఓల్డ్ అల్వాల్ (రాత్రి 10:50)
పోయినవా బిడ్డా?

ఓల్డ్ అల్వాల్ (ఉదయం 6:02)
?

అమలాపురం అబ్బాయి (9:30)
చెల్లెమ్మా, ఒక్క మాట పెట్టు.

చింతచిగురు (నాలుగు రోజుల తర్వాత, ఉదయం 11:15)
సారీ, ఛార్జింగ్ లేదు, ఊళ్లో సోలార్ పెట్టె పాడైంది. మొదటి టెస్టు నెగెటివ్, జ్వరం తగ్గలేదని మర్నాడు మళ్లీ చేస్తే పాజిటివ్. మూడు రోజులు మాత్రలు వేసుకున్నా, ఆరు డోసులూ అయ్యాయి, ఇప్పుడు పర్లేదు. నేను పడుకున్న మూడు రోజుల్లో ఆ మనవడు, వాడి ఫ్రెండ్సు కలిసి యాభై మూడు తెరలు కట్టేశారట. థాంక్స్ అందరికీ. కొండదారి అన్నయ్యా, తాడు అయిపోయింది, అరటి నారతో కడితే ఎన్నాళ్లు ఆగుతుంది?

అక్షర పిపాసి (11:40)
అరటి నార కాదమ్మా, అరటి పట్ట. నార అంటే...