పెళ్ళికి ముందు మూర్ఛ మందు ఆపించడం సరైనదేనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మా చెల్లెలికి 23 ఏళ్ళు. గత మూడేళ్ళుగా ఆమెకు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. ఇప్పుడు టెక్కలి వైపు నుండి ఒక మంచి సంబంధం వచ్చింది. రెండేళ్ళు ఫిట్స్ రాకపోతే మందు ఆపవచ్చని డాక్టర్లే చెబుతారు కనుక పెళ్ళిచూపుల నాటికే మాత్రలు మానిపించాలనీ, జబ్బు సంగతి అవతలివారి దగ్గర ఎత్తనక్కరలేదనీ మా పెద్దమ్మ, మేనమామ పట్టుబడుతున్నారు. అమ్మ ఎటూ తేల్చుకోలేకపోతున్నది. చెల్లెలు కూడా ఈ మాత్రల వల్ల జుట్టు ఊడుతున్నదనీ, ఒళ్ళు చేసిందనీ, మానేస్తే తనకు సంతోషమేననీ అంటున్నది. ఆమె వాడుతున్నది వాల్‌ప్రోయేట్.

జబ్బు ఎలా బయటపడిందో కూడా చెప్పాలి. పొద్దున లేవగానే ఆమె చేతులు ఉలిక్కిపడినట్టు ఎగిరేవి, టీ గ్లాసు జారి పడేది. అజాగ్రత్త అని మేమే తిట్టేవాళ్ళం. అది తలచుకుంటే ఇప్పటికీ బాధ వేస్తుంది. మెట్రిక్ పరీక్షలప్పుడు రాత్రంతా మేలుకొని చదివిన మర్నాటి ఉదయం పెద్ద ఫిట్ వచ్చి పడిపోయింది. దగ్గరలోని ఒక డాక్టరు కార్బమజెపైన్ రాశారు. దానితో చేతులు ఎగరడం ఇంకా ఎక్కువైంది. ఏడాది తర్వాత విశాఖపట్నంలో ఒక న్యూరాలజిస్టు చేతుల సంగతి గుచ్చిగుచ్చి అడిగి, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీయించి, ఇది కౌమారంలో మొదలయ్యే మయోక్లోనిక్ (కండరాలు ఉలిక్కిపడే) మూర్ఛ అని తేల్చి మందు మార్చారు. ఇప్పుడు ఆ మందు ఆపాలా, కొనసాగించాలా? అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గుణుపురం మాస్టారు:

ఆపవచ్చుననే నా అభిప్రాయం, అది నా ఇంటి అనుభవం. మా అబ్బాయికి తొమ్మిదో ఏట నిద్రలో మూతి ఒక పక్కకు లాగి, మాట రాక, చొంగ కారేది. కొన్నాళ్ళు మందు వాడాము. పద్నాలుగో ఏట డాక్టరుగారే మెల్లగా తగ్గించి ఆపేశారు. ఇప్పుడు వాడికి 21 ఏళ్ళు, మళ్ళీ ఏమీ రాలేదు. ఎప్పుడో పోయిన జబ్బుకు జీవితాంతం మాత్రలు మింగమనడం న్యాయం కాదు. పైగా ఆ అమ్మాయి తన ఇబ్బందులు తానే చెబుతున్నది. ఆమె మాటకు విలువ ఇవ్వాలి.

వంశధార ఒడ్డు (కాశీనగర్):

మాస్టారూ, మీ అబ్బాయి బాగున్నందుకు సంతోషం. కానీ నా కథ వేరు. నాకూ మహేంద్రతనయ గారి చెల్లెలికి ఉన్న మూర్ఛే. నా పెళ్ళికి నెల ముందు మా ఇంట్లో ఇలాగే మాత్రలు మానిపించారు, అదీ ఒక్కసారిగా. ముహూర్తం తెల్లవారుజామున రెండున్నరకు. ఆ రోజంతా ఉపవాసం, రాత్రంతా జాగరణ. అప్పగింతలయ్యాక కారులో ఫిట్ వచ్చింది. నాలుక కొరుక్కుని పట్టుచీర నిండా రక్తం. అత్తవారికి ఆ సంగతి తెలియవలసిన పద్ధతి అదా? ఆయన నన్ను విడిచిపెట్టలేదు, కానీ మా అత్తగారు రెండేళ్ళ పాటు నన్ను పొయ్యి దగ్గరకు రానివ్వలేదు. అది కోపం కాదు, భయం. ముందే చెప్పి ఉంటే ఆవిడ నాకు తోడుగా నిలిచేది, నాకు ఆ నమ్మకం ఉంది.

బరంపురం నర్సు:

నేను నరాల వార్డులో పనిచేశాను. గుణుపురం మాస్టారి మాటా నిజమే, కాశీనగర్ అమ్మ మాటా నిజమే. ఇద్దరికీ ఉన్నది ఒకే పేరున్న రెండు వేర్వేరు జబ్బులు. మాస్టారి అబ్బాయి లక్షణాలను బట్టి చూస్తే, అది చిన్నతనంలో వచ్చి పదహారేళ్ళు నిండేసరికి దాదాపు అందరికీ తగ్గిపోయే రకంలా ఉంది. మన ప్రాంతంలో తరచుగా చూసే ఇంకొక రకం, బద్దెపురుగు గుడ్లు కడుపులోకి చేరి మెదడులో తిత్తి ఏర్పడడం వల్ల వచ్చేది. ఆ తిత్తి ఒక్కటే ఉండి, మచ్చ కూడా మిగలకుండా కరిగిపోతే, అక్కడ కూడా మందు తొందరగా ఆపే వీలుంటుంది. కౌమారంలో మొదలయ్యే మయోక్లోనిక్ మూర్ఛ అలాంటిది కాదు. అది మందుకు చక్కగా లొంగుతుంది, కానీ మందు ఆపితే ఎక్కువ మందికి తిరిగి వస్తుంది. మూడేళ్ళ నిశ్శబ్దం జబ్బు పోయిందనడానికి సాక్ష్యం కాదు. మందు పనిచేస్తున్నదనడానికి సాక్ష్యం.

రెండేళ్ళ లెక్క ఎక్కడిదో కూడా చెబుతాను. బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి రెండేళ్ళు ఫిట్స్ రాని 1,013 మందితో ఒక పరీక్ష జరిపి 1991లో ఫలితాలు ప్రకటించింది. ఆ తర్వాతి రెండేళ్ళలో ఫిట్స్ లేకుండా ఉన్నవారు మందు కొనసాగించిన వారిలో నూటికి 78 మంది, మెల్లగా ఆపినవారిలో నూటికి 59 మంది. అంటే మెల్లగా, డాక్టరు చూస్తుండగా ఆపినా నూటికి 41 మందికి తిరిగి వచ్చింది. రెండేళ్ళు అన్నది డాక్టరుతో ఆ మాట ఎత్తడానికి తగిన సమయం మాత్రమే. ఒక్కసారిగా మానడం వేరు సంగతి. ఒకదాని వెంట ఒకటిగా ఆగకుండా వచ్చే ఫిట్స్ ప్రాణం మీదికి తెస్తాయి. అదుపులో లేని పెద్ద ఫిట్స్ ఉన్నవారిలో నిద్రలోనే హఠాత్తుగా చనిపోవడం కూడా ఉంది. భయపెట్టడానికి రాయడం లేదు, ఇళ్ళల్లో ఎవరూ చెప్పరు కనుక రాస్తున్నాను.

అయితే ఇప్పుడున్నట్టే కొనసాగించమని కూడా నేను అనను. వాల్‌ప్రోయేట్ విషయంలో ఆ అమ్మాయి చెప్పిన జుట్టు, బరువు చిన్న సంగతులు కావు. దానితో నెలసరి క్రమం తప్పడం, చేతులు వణకడం కూడా ఉంటాయి. అన్నింటికంటే పెద్దది గర్భం సంగతి. మామూలుగా పుట్టుకతో పెద్ద లోపాలు నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో కనిపిస్తే, తల్లి వాల్‌ప్రోయేట్ వాడుతున్నప్పుడు నూటికి సుమారు 10 మందిలో కనిపిస్తాయి. చదువు, మాట, ఎదుగుదలలో వెనుకబాటు నూటికి 30 నుండి 40 మందిలో ఉండవచ్చు. మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఈ లోపాల్లో కొన్ని తలెత్తే వెన్నుపాము గొట్టం పిండంలో 28 రోజులకే మూసుకుంటుంది. అప్పటికి చాలా మంది ఆడవాళ్ళకు గర్భం వచ్చిన సంగతే తెలియదు. కనుక గర్భం వచ్చాక మందు మార్చుదామనుకోవడం ఆలస్యం. గర్భం రాగానే భయపడి మాత్రలు విసిరేయడం ఇంకా ప్రమాదం.

అందుకే ఆపడం, దాచడం అనే రెండు మాటల బదులు మార్చడం అనే మూడో మాట గురించి న్యూరాలజిస్టుతో మాట్లాడమంటాను. లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ గర్భంలో చాలా తక్కువ ప్రమాదం ఉన్నవి. వాటికీ ఇబ్బందులు ఉన్నాయి. లెవెటిరాసెటమ్‌తో కొందరికి చిరాకు, కోపం, దిగులు వస్తాయి. లామోట్రిజిన్ మోతాదు వారాల తరబడి మెల్లగా పెంచాలి, వాల్‌ప్రోయేట్‌తో కలిసి వాడేటప్పుడు మరీ మెల్లగా. లేకపోతే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. కొందరిలో అది చేతుల ఉలికిపాటును పెంచుతుంది కూడా. మార్పు జరిగే నెలల్లో ఫిట్ రావచ్చు. దానికి పుట్టింట్లో ఉన్నప్పుడే సమయం దొరుకుతుంది.

రాయగడ మందుల షాపు:

ఒక్క మాట కలుపుతాను. పాత చీటీ పట్టుకొని వచ్చి వేరే పేరున్న మాత్ర చాలునంటూ అడుగుతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో నిరామయ (ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం) కింద ఉచితంగా ఇచ్చే మాత్ర మంచిదే, వాడండి. కానీ ఈ నెల అది, వచ్చే నెల బయట కొన్నది అని మార్చకండి. మార్చవలసి వస్తే డాక్టరుకు చెప్పి మార్చండి. మాత్రలు అయిపోయే రోజు కాకుండా వారం ముందే రండి.

మేనమామ పక్షం (పాతపట్నం):

మీరందరూ మందు గురించి మాట్లాడుతున్నారు, నేను సంబంధం గురించి మాట్లాడతాను. మా అన్నగారి అమ్మాయికి ఉన్నది ఉన్నట్టు చెబితే మూడు సంబంధాలు వరుసగా తప్పిపోయాయి. మూడో వారు ఊరంతా చెప్పారు. దాచమన్నవారికి అమ్మాయి మీద ప్రేమ లేదని అనుకోకండి. లోకం సంగతి వారికి తెలుసు. పెళ్ళయి ఇద్దరి మధ్య మనసు కుదిరాక చెబితే తప్పేమిటి?

వంశధార ఒడ్డు (కాశీనగర్):

అన్నగారూ, మీ బాధ నాకు అర్థమవుతున్నది. కానీ దాచినప్పుడు ఆ అమ్మాయి మాత్ర ఎక్కడ దాచుకోవాలి, ఎప్పుడు మింగాలి? నేను బియ్యం డబ్బాలో దాచేదాన్ని. ఎవరైనా వంటింట్లో ఉంటే ఆ పూట మాత్ర లేదు. సావిత్రీ అమావాస్య ఉపవాసం నాడు మాత్ర వేసుకుంటే వ్రతం చెడుతుందేమోనని మానేశాను, మూడో రోజు ఫిట్ వచ్చింది. దాచడం అంటే మందు ఆపడమే, కొంచెం ఆలస్యంగా.

బరంపురం నర్సు:

చట్టం సంగతి ఒకటి చెప్పాలి. హిందూ వివాహ చట్టంలో మాటిమాటికీ మూర్ఛ వచ్చేవారు పెళ్ళికి అనర్హులన్నట్టు ఉన్న మాటను 1999లో తీసివేశారు. మూర్ఛ ఉన్నవారు పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. కానీ మోసగించి పెళ్ళి చేశారన్న ఆరోపణ వేరు, దానికి తావివ్వకండి. పాతపట్నం అన్నగారు చెప్పిన మూడు ఇళ్ళవారూ తెలియక భయపడినవారే అయి ఉంటారు. చెప్పేటప్పుడు జబ్బు పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. ఫిట్ వస్తే ఏం చేయాలో కూడా చెప్పండి: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తని గుడ్డ పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు ఇనుము పెట్టనక్కరలేదు, గడియారం చూడాలి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చేయవలసింది తెలిసిన ఇంట్లో భయం సగం తగ్గుతుంది. ముహూర్తం మాత్రం పగటిపూట పెట్టించండి. ఈ రకం మూర్ఛకు నిద్ర లేకపోవడం కంటే పెద్ద శత్రువు లేదు.

గుణుపురం మాస్టారు:

రకం వేరని నేను గ్రహించలేదు. మా అబ్బాయి ఉదాహరణను ఈ అమ్మాయికి వర్తింపజేయడం నా పొరపాటు. అయితే ఆమె ఇష్టానికి విలువ ఇవ్వాలన్న మాట మీద మాత్రం నిలబడతాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. ఇదంతా చెల్లెలికి చదివి వినిపించాను. పిల్లల సంగతి తనకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదన్నది. ఆపడం వద్దు, మార్చడం గురించి అడుగుదాము అన్నది తానే. వచ్చే మంగళవారం విశాఖపట్నం వెళ్తున్నాము. పాత ఈఈజీ కాగితాలు, కార్బమజెపైన్ రాసిన చీటీతో సహా అన్నీ ఒక సంచిలో పెట్టాము. డాక్టరుగారు మందు మార్చితే, అది కుదురుకున్నదని ఆయన చెప్పేదాకా లగ్నం పెట్టుకోకూడదని అమ్మ కూడా ఒప్పుకున్నది. మేనమామ ఇంకా ఒప్పుకోలేదు. టెక్కలి వారికి నేనూ చెల్లెలూ కలిసి నిన్న ఫోన్ చేసి చెప్పాము. అబ్బాయి తల్లిగారు చాలాసేపు మౌనంగా ఉండి, మాత్ర ఏ వేళకు వేసుకుంటావమ్మా అని అడిగారు. వారి జవాబు ఇంకా రాలేదు.