వైజాగ్‌లో మూడు రోజులు: అమ్మ మోకాళ్లు, పిల్లాడి సబ్‌మెరైన్, మా ఆయన అరకు

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లి నుంచి నలుగురం వచ్చే నెల వైజాగ్ వెళ్తున్నాం. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్కితే శనివారం పొద్దున్నే దిగుతాం, సోమవారం రాత్రి తిరుగు ప్రయాణం.

హుస్సేన్‌సాగర్‌నే సముద్రమనుకుని పెరిగిన మా ఎనిమిదేళ్లవాడిది ఒకటే పట్టు, ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కాలని. 2001 దాకా నేవీలో పనిచేసిన అసలుదే కదా, లోపల బాగా ఇరుకట. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ మెట్లెక్కి, వంగి నడవగలదా? లేక ఎదురుగా టీయూ-142 విమానం దగ్గర కూర్చోబెట్టడం మేలా? ఆవిడకు సింహాచలం ముఖ్యం. కొండపైకి బస్సుందని తెలుసు, దిగాక ఎంత నడవాలి?

అసలు పేచీ అరకు. బొర్రా గుహలతో కలిపి ఒక్కరోజులో చుట్టేద్దామంటారు మా ఆయన. రానూపోనూ రెండొందల కిలోమీటర్ల పైమాటే, అందులో సగం ఘాట్ రోడ్డు! నాకేమో ఆ రోజు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో పడవలు రావడం చూసి, బీచ్ రోడ్డు మీద తాపీగా భీమిలి డచ్ సమాధుల దాకా వెళ్లాలనుంది. హార్బర్‌లోకి మాలాంటి వాళ్లను రానిస్తారా? ఎన్నింటికి వెళ్లాలి?

అన్నట్టు, చేపల పులుసు బాగుండే చిన్న మెస్ ఏదైనా చెప్పండి. పెద్ద హోటళ్ల పేర్లు వద్దండీ, అవి ఫోన్లోనే దొరుకుతున్నాయి.