పోలండ్ రాజుల నిధిని 1961 దాకా కెనడాలో ఆపేయడం సబబేనా?

వావెల్_బాటసారి:
క్రాకోవ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇక్కడి వావెల్ కోటలో సిగిస్మండ్ అగస్టస్ రాజు 16వ శతాబ్దంలో బ్రస్సెల్స్‌లో నేయించిన టాపెస్ట్రీలున్నాయి (గోడలకు వేలాడదీసే బొమ్మల నేతవస్త్రాలు). 1939 సెప్టెంబరులో జర్మన్లు వచ్చిపడుతుంటే కోట సిబ్బంది వీటిని, పట్టాభిషేక ఖడ్గాన్ని విస్తులా నది మీద పడవలో దాటించేశారు. రుమేనియా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ మీదుగా 1940 జులైలో బాతోరీ ఓడలో కెనడా చేరాయి. స్వరకర్త షోపాన్ చేతిరాతలు, తొలినాటి అచ్చుపుస్తకమైన ఒక గూటెన్‌బర్గ్ బైబిలు కూడా వాటితోనే. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. కానీ యుద్ధం 1945లో అయిపోతే టాపెస్ట్రీలు 1961లో గానీ ఇల్లు చేరలేదు. అన్నేళ్లు ఆపడం న్యాయమేనా?

కృష్ణలంక:
ముమ్మాటికీ కాదు. 1945లో కెనడా, వార్సాలో కమ్యూనిస్టుల చేతిలో ఉన్న పోలండ్ ప్రభుత్వాన్ని గుర్తించింది. గుర్తించాక సొత్తు అప్పగించాలి కదా! యుద్ధంలో దేశం విడిచి లండన్ చేరిన పాత పోలండ్ ప్రభుత్వం (ప్రవాస ప్రభుత్వం) మనుషులు ఒట్టావా గోదాములోంచి పెట్టెల్ని గుట్టుగా తీసి క్రైస్తవ మఠాల్లో దాచారు. 1948లో పోలీసులు ఆచూకీ పట్టేసరికి కెనడాలోని క్యూబెక్ ప్రావిన్స్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివాడు) డ్యుప్లెసీ వాటిని తన మ్యూజియంకి మార్పించి, కమ్యూనిస్టులకు ఇవ్వనన్నాడు. ఇంటి దగ్గర ఓట్లకు బాగానే పనికొచ్చి ఉంటుంది. యుద్ధంలో వార్సా నేలమట్టమైంది, మిగిలిన ఆ కాస్త కూడా వాళ్లకి దక్కనివ్వకపోతే ఎలా?

ఓరుగల్లు_మాస్టారు:
గుర్తింపు కాగితం ఒక్కటే చూస్తే ఎలా అండీ? ఇవే టాపెస్ట్రీలను 1795లో రష్యా వాళ్లు పీటర్స్‌బర్గ్‌కి పట్టుకుపోయారు. 1921లో పోలండ్‌కీ సోవియట్లకీ కుదిరిన రీగా సంధి తర్వాతే తిరిగొచ్చాయి. పట్టుమని ఇరవై ఏళ్లయినా ఇంట్లో లేవు, మళ్లీ ప్రయాణం. 1945లో వార్సా గద్దె మీద మనుషుల్ని కూర్చోబెట్టింది స్టాలిన్. భయం ఉండదా?

రుమేనియా సంగతి చూడండి. 1916-17లో జర్మన్లు చొచ్చుకొస్తుంటే మిత్రదేశం కదా అని మాస్కోకి నిధి పంపింది. అందులో జాతీయ బ్యాంకు బంగారమే 91.5 టన్నులు, రాణి మేరీ నగలు అదనం. బోల్షెవిక్కులు వచ్చి జప్తు చేశారు. 1935లో, 1956లో కొన్ని కళాఖండాలు ఇచ్చారు గానీ ఆ బ్యాంకు బంగారం ఇప్పటికీ రాలేదు.

కృష్ణలంక:
మాస్టారూ, ఆ ఉదాహరణ నా వైపే ఉంది. దాచమని ఇస్తే దాచినవాడే రాజకీయం చూపించి ఇవ్వనన్నాడు. డ్యుప్లెసీ చేసిందీ అదే.

లాయరమ్మ:
అదే కాదండీ. మాస్కో తనకే ఉంచుకుంది. డ్యుప్లెసీ ఇవి నావి అనలేదు, ఎవరికి ఇవ్వాలన్నదే అక్కడ తగాదా. దగ్గరి పోలిక హంగరీ. అక్కడి రాజుల సెయింట్ స్టీఫెన్ కిరీటం 1945లో అమెరికా సైన్యం చేతికొచ్చింది. అమెరికా బంగారం దాచే ఫోర్ట్ నాక్స్‌లో పెట్టారు. 1978 జనవరిలో కార్టర్ తిరిగి పంపాడు, అప్పుడూ బుడాపెస్ట్‌లో కమ్యూనిస్టులే. అమెరికాలోని హంగరీ వాళ్లు చాలామంది గోల పెట్టారు కూడా. ఇస్తున్నది హంగరీ ప్రజలకు అని అమెరికా స్పష్టంగా చెప్పి ఇచ్చింది. దారి కావాలనుకుంటే దొరుకుతుంది.

పోలండ్ నిధికి కాపలాగా వెళ్లిన ఇద్దరి సంగతి ఇంకా చిత్రం. స్వియెర్జ్-జలెస్కీ వార్సా వైపు మొగ్గాడు, పొల్కొవ్‌స్కీ లండన్ వైపే నిలబడ్డాడు. కలిసి సముద్రం దాటించినవాళ్లకే ఏకాభిప్రాయం లేదు, ఇక మనమెంత!

వావెల్_బాటసారి:
మాస్టారూ, ఒక డౌటు. 1961లో వార్సాలో ఉన్నదీ కమ్యూనిస్టు ప్రభుత్వమే. 1948లో ప్రమాదమైతే అప్పుడెందుకు కాలేదు?

ఓరుగల్లు_మాస్టారు:
స్టాలిన్ 1953లో పోయాడు. 1956లో గొముల్కా అక్కడి కమ్యూనిస్టు పార్టీ నాయకుడిగా వచ్చాక పోలండ్‌లో గాలి కొంత మారింది. 1959 ఫిబ్రవరిలో ఒట్టావాలో ఒక బ్యాంకులో విడిగా ఉన్న ఖడ్గం, షోపాన్ చేతిరాతలు వెళ్లాయి, క్షేమంగానే ఉన్నాయి. టాపెస్ట్రీలూ అప్పుడే పంపాల్సింది. అక్కడ డ్యుప్లెసీది ఉత్త మొండితనం, ఒప్పుకుంటాను. ఆ సెప్టెంబరులో ఆయన పోయాడు. తర్వాత ప్రీమియరైన లెసాజ్ హయాంలో మిగతావి కదిలాయి. నా లెక్కలో 1956 దాకా ఆపడం సబబే.

కృష్ణలంక:
ఆ గీత మీరు ఇప్పుడు గీస్తున్నారు, చరిత్ర తెలుసు కాబట్టి. అప్పట్లో గీసింది ఒక ప్రావిన్స్ ప్రీమియర్. గొముల్కా వచ్చినా, పోయినా ఆయన వైఖరి మారేదా? ఆయన చచ్చిపోయేదాకా మారలేదుగా. పోలండ్ సొత్తు మీద ఆ అధికారం ఆయనకి ఎవరిచ్చారో చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడదాం.