‘మేర యొల్ల’నా, ‘మీఱ నొల్ల’నా?

హనుమకొండ బిడ్డ:
నాలుగు రోజుల సంది ఒక పద్యపాదం నాలుక మీదనే ఆడుతున్నది, ఒక్క అక్షరం కాడ ఆగిపోతున్నది. మా నాయిన సర్వే చైన్‌మన్. గొలుసు పరిచే ముందు, పోతన భాగవతంల వామనుడు బలిని నేల అడిగే పద్యం ‘ఒంటివాఁడ నాకు నొకటి రెం డడుగుల’ అని ఎత్తుకునేటోడు. రెండో పాదం ఆయన నోట నేను విన్నది ‘మేర యిమ్ము సొమ్ము మీఱ నొల్ల’. మొన్న మా బిడ్డకు కొలతల మార్పిడి చెప్తూ, అడుగుకు 30.48 సెంటీమీటర్లు అనంగనే పద్యం యాదికొచ్చి భాగవతం తీసిన. అందుల ‘సొమ్ము మేర యొల్ల’ అనున్నది. నాయిన మార్చి చదివిండా, అట్ల పాఠం ఎక్కడన్న ఉన్నదా?

ఛందోప్రియ:
యతిని అడిగితే లాభం లేదు. ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. మేర, యిమ్ము, సొమ్ము, మేర, యొల్ల: అన్నీ హగణాలు. చివర మీఱ, నొల్ల అని పెట్టినా అవే హగణాలు. నాలుగో గణం మొదట ‘మే’ ఉన్నా ‘మీ’ ఉన్నా యతి చెల్లుతుంది. తేల్చవలసింది ‘యొ’నా ‘నొ’నా అన్నదే. ‘మేర’ కళ, అంటే చివర నకారం లేని మాట కనుక యడాగమం వచ్చి ‘మేర యొల్ల’. ‘మీఱన్’ (మించ) ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట కనుక ‘మీఱ నొల్ల’. మీ నాయినగారు ‘మీఱ’ అన్న చోట ‘నొల్ల’ అన్నారు చూడండి. పొరపాటుగా గుర్తుంచుకున్నవారు ‘మీఱ యొల్ల’ అనేసేవారు. ఆయన చెవి అంత శుద్ధం.

లెక్కల సార్, పరకాల:
పద్యంలో అసలు గడుసుతనం ‘ఒకటి రెండు’లో ఉంది. బలి చెవికి ఒకటో రెండో అన్నట్టు వినిపిస్తుంది, లెక్క కడితే 1+2=3. మూడడుగులంటే ఒక గజం, 91.44 సెంటీమీటర్లు. మీటరుకు 8.56 సెంటీమీటర్లు తక్కువ. నేను పిల్లలకు గజం నుంచి మీటరుకు మార్చడం ఈ పద్యంతోనే చెప్పేవాణ్ని. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి, మరుసటేడు అక్టోబరు నుంచి కిలోలు మొదలయ్యాయి. ఇంట్లో తాతలకు అణాలు, శేర్లు, బడిలో మాకు పైసలు, కిలోలు. రెండు లెక్కలూ నోటికి రావలసిన తరం మాది.

ఛందోప్రియ:
సార్, పోతన అడుగు 12 అంగుళాలది కాదు, వామనుడి పాదం. ‘ఇంతింతై వటుఁ డింతయై’ అని ఆ పాదమే పెరిగిపోయింది కదా. మీ గజం ధ్రువమండలం దాకా సాగాలి మరి.

లెక్కల సార్, పరకాల:
నేను చెప్పేదీ అదేనమ్మా. కొలిచేవాడి పాదమే కొలత అయితే బలికి దక్కేది ఇదే. అందుకే కొలతను ఒంటి నుంచి విడదీశారు. మీటరును మొదట ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతు అన్నారు. 1983 నుంచి శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరం. ఇప్పుడు అడుగుకు కూడా సొంత ప్రమాణం లేదు, 0.3048 మీటరు అనే నిర్వచనం.

పాలకుర్తి వాసి:
పోతన ఊరు బమ్మెర మా ఊరి పక్కనే, అందుకని ఒక మాట. పోతన నాగలి పట్టినోడని మా దిక్కు అందరు నమ్ముతరు. కల్లం కాడ వడ్లు కొలిచినప్పుడు చాకలికి, మంగలికి, వడ్లాయనకు ఇచ్చే పాలును మా తాతలు ‘మేర’ అనేటోళ్లు. మొదటి మేర నేల కొలత, రెండో మేర ఆ పాలు. ‘సొమ్ము మేర యొల్ల’ అంటే సొమ్ము రూపంల నా పాలు నాకొద్దు అని. ఒకే పాదంల ఒకే మాట రెండర్థాలకు! సేద్యం చేసినోడికే తోచే మాట ఇది. ‘మీఱ’ అంటే ఈ అందమంత పోతది.

నర్సంపేట అక్క:
తమ్మీ, మేర పని చేసినోళ్ల హక్కు. వడుగు వామనుడు వచ్చింది దానానికి, మేరకు కాదు. నాకైతే రెండు చోట్లా హద్దు అన్న అర్థమే. నేల హద్దు ఇయ్యి, సొమ్ము హద్దు నాకెందుకు అని.

లెక్క మాట వచ్చింది కనుక నా గోడు వినుండ్రి. మా పాసుపుస్తకంల 2.20 అనున్నది. రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఒక ఆఫీసుల ఆ చుక్కను దశాంశం అనుకొని 0.89 హెక్టారు అని రాసిండ్రు. రావలసింది 1.01. పన్నెండు గుంటలు చుక్క కింద పోయినయి! దిద్దించుకునేసరికి ఆర్నెల్లు. ఎకరానికి 40 గుంటలు, 100 కాదు. ముందు 20ని 40తోని భాగించాలె, 0.5 వస్తది. అప్పుడు 2.5ను 2.471తోని భాగిస్తే హెక్టార్లు. మీటర్ల లెక్క తీరుగ చుక్క జరిపితే సరిపోదు.

లెక్కల సార్, పరకాల:
అక్కా, బడిలో చెప్పవలసిన లెక్క ఇది. దీనికి తోడు ఇంకోటి. గుంట 33 అడుగుల చదరం. 33 అడుగులంటే 10.06 మీటర్లు. కాబట్టి గుంట 101.17 చదరపు మీటర్లు. మెట్రిక్ ‘ఆర్’ సరిగ్గా 100, నూరు ఆర్లు ఒక హెక్టారు. ఉజ్జాయింపుకు గుంటను ఆర్ అనుకున్నా నూటికి ఒకటే తేడా. రిజిస్ట్రేషన్ కాగితంలో మాత్రం అట్లా అనుకోవద్దు.

పాలకుర్తి వాసి:
మీటరు, మేర రెండూ ఒక్క తల్లి పిల్లలేమో అనిపిస్తది నాకు.

ఛందోప్రియ:
కాదన్నా. మీటరు గ్రీకు ‘మెట్రాన్’ నుంచి వచ్చింది. దానికి దగ్గరి చుట్టాలు మన ‘మాత్ర’, ‘మానం’, ‘మితి’. మాత్రల్లోనూ మార్పిడి ఉంది చూడండి: ఒక గురువుకు రెండు లఘువులు.

హనుమకొండ బిడ్డ:
అందరికీ దండాలు. పొద్దున అటక మీంచి నాయిన గొలుసు దించిన. కడియాలు అరిగి సన్నబడ్డయి, ఒక కొస పిడి ఇత్తడిది, ఇంకా ఆయన చేతి నునుపు ఉన్నది. టేపు పెట్టి కొలిస్తే 10 మీటర్ల 9 సెంటీమీటర్లు. అసలు ఇది 33 అడుగుల గొలుసు, 10.06 మీటర్లు ఉండాలె. అరిగి సాగింది. మూడు సెంటీమీటర్లే కదా అనుకున్న గాని, రెండు దిక్కుల లెక్క కట్టి ఎకరానికి తెస్తే 30 చదరపు గజాల దాకా తేడా. ‘మూర్నెల్లకోసారి గొలుసును సరిచూడాలె’ అని నాయిన ఎందుకనేటోడో ఇప్పుడు తెలిసింది. గొలుసు సంచిల ఆయన నోటుబుక్కు కూడ దొరికింది. పద్యం పెన్సిల్‌తో రాసుకున్నడు. ‘సొమ్ము’ దాక స్పష్టంగున్నది, ఆ తర్వాత చెమట మరక. ‘మ’ కనబడుతున్నది, దాని మీద ఏత్వమో గుడిదీర్ఘమో తెలుస్తలేదు. చివర ‘ల్ల’ ఉన్నది, దాని ముందటి అక్షరం మొత్తం పోయింది.

ఛందోప్రియ:
వెలుతురుకు ఎదురుగా పట్టి ఫొటో పెట్టండి. ‘నొ’ పట్టే చోటు ‘యొ’కు సరిపోదు, కొలిచి చెప్పొచ్చు.

నర్సంపేట అక్క:
ఫొటో వచ్చేదాక ఒకటి అడుగుత. అదే పద్యం మూడో పాదంల వామనుడు ‘బ్రహ్మకూకటి ముట్టెద’ అన్నడు. కూకటి అంటే నెత్తి మీద జుట్టు గదా, మరి కూకటివేరు భూమి కిందికెట్ల పోయింది?

పాలకుర్తి వాసి:
అక్కా, దానికి మా తాత చెప్పిన సంగతొకటి ఉన్నది, రాత్రికి రాస్త.