అప్‌డేట్ తర్వాత బ్లూ స్క్రీన్: యాంటీవైరస్ డ్రైవర్‌ని ఎలా తీయాలి?

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో మా నాన్నగారి కమీషన్ కొట్టు లెక్కలన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. శనివారం రాత్రి అందులో విండోస్ 11 పెద్ద అప్‌డేట్ పడింది. అప్పటి నుంచి ఆన్ చేసిన రెండు నిమిషాలకే బ్లూ స్క్రీన్, మళ్లీ రీస్టార్ట్.

స్క్రీన్ మీద ‘డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అని, కింద ఒక డాట్ సిస్ ఫైలు (డ్రైవర్, అంటే విండోస్ లోపల పనిచేసే చిన్న ప్రోగ్రామ్ ఫైలు) పేరు ఉంటోంది. ఆ ఫైలు మేం డబ్బు కట్టి వేయించుకున్న యాంటీవైరస్‌ది. సేఫ్ మోడ్‌లో (విండోస్‌ని అత్యవసరమైన వాటితో మాత్రమే నడిపే పద్ధతి) గంటసేపు ఉంచినా ఏమీ కాలేదు. అక్కడ బయటి డ్రైవర్లు చాలావరకు లోడ్ కావు కాబట్టి నా అనుమానం దాని మీదే. తీసేద్దామంటే, సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ నడవడం లేదని మెసేజ్ వస్తోంది.

ఆ కంపెనీ రిమూవల్ టూల్ సేఫ్ మోడ్‌లో నడిపితే డ్రైవర్ పూర్తిగా పోతుందా? లేక అప్‌డేట్‌నే వెనక్కి తిప్పడం మంచిదా? దానికున్న గడువు 10 రోజులే, అందులో 6 అయిపోయాయి. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకున్నాను, మినీడంప్ ఫైళ్లు (క్రాష్ వివరాలు ఉండేవి) పెన్‌డ్రైవ్‌లోకి తీశాను.

నాన్నగారు రైతుల తక్‌పట్టీలు (సరుకు అమ్మకం లెక్క చీటీలు) రాత్రి పదింటి దాకా చేత్తో రాస్తున్నారు, చూడలేకపోతున్నాను. ఇలాంటిది సరిచేసినవాళ్లు ఉంటే ముందు ఏది చేయాలో చెప్పండి, ప్లీజ్.